మూడు సెకన్ల కబురు

మార్చి నెల రెండో మంగళవారం పొద్దున్న పది గంటలకి తనూజ స్కూటీ సైడింగ్ గేటు దగ్గర ఆగింది. సర్కండాలో వాళ్ల ఇంటి నుంచి అక్కడికి పద్నాలుగు కిలోమీటర్లు. గేటు పక్కన నడుమెత్తున ఒక ఇనుప కడ్డీ ఉంది. బొగ్గు పని గ్యాంగు లోపలికి వెళ్లేటప్పుడు అన్నం సంచులు దానికి తగిలిస్తారు, బయటికి వచ్చాక తీసుకుంటారు. ఆ వేళకి కడ్డీకి ఏమీ లేదు. తనూజ దాని పక్కనే స్కూటీ పెట్టి, కంప్యూటర్ తెర ఉన్న అట్టపెట్టె చంకన పెట్టుకుని, పట్టాల వెంట క్యాబిన్ వైపు నడిచింది.

సైడింగ్, అంటే మెయిన్ లైను నుంచి పక్కకి చీలిన ఈ పట్టాలు, ఒక ప్రైవేటు బొగ్గు కంపెనీది. గనుల నుంచి బొగ్గుతో గూడ్సు పెట్టెలు వస్తాయి. బొగ్గు దింపేశాక అడుగు తలుపుల్లో ఇరుక్కున్నదాన్ని పొడిచి రాల్చాలి, పట్టాల మధ్య పడ్డదాన్ని ఎత్తిపోయాలి. అందుకోసం మనుషులు పెట్టెల కిందికి దూరతారు. వాళ్లు కింద ఉండగా ఇంజను కదలకూడదు. గేటు ఒక చివర, క్యాబినూ ఇంజనూ ఇంకో చివర. మధ్యలో రెండు వందల యాభై మీటర్లు, ఇరవైకి పైగా పెట్టెలు. మనుషులు కింద ఉన్నారా లేరా అన్న ఒక్క మాటను ఈ చివర నుంచి ఆ చివరికి చేరవేసే ప్రోగ్రాం తనూజ రాసింది. అది పెట్టి ఎనిమిది నెలలైంది.

గేటు దగ్గర ఒక కంప్యూటర్, క్యాబిన్‌లో ఒకటి. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు తప్ప ఇంకేమీ ఉండవు. మౌసు పెడితే బొగ్గు పొడికి వారంలో పోయింది, తీసేశారు. తెర పైభాగంలో పెట్టెల నంబర్లు ఉంటాయి. అడుగున ఒక వరస వదిలిపెట్టారు. కబురు వచ్చేది ఆ వరసలోనే. గ్యాంగు పెద్ద ఎంతమంది లోపలికి పోతున్నారో అంకె కొట్టి మీట నొక్కితే గేటు తెర అడుగున 'దర్జ్' అని పడుతుంది, నమోదైందని అర్థం. క్యాబిన్ తెర అడుగున 'ఆద్మీ అందర్' అని, అంటే మనుషులు లోపల ఉన్నారని, పక్కన ఆ అంకెతో పడుతుంది. అందరూ బయటికి వచ్చి సున్నా కొడితే క్యాబిన్‌లో 'లైన్ ఖాలీ' అని వస్తుంది, లైన్లో ఎవరూ లేరని. అక్కడ అందరికీ తెలిసింది హిందీ కాబట్టి మాటలు హిందీవి, అక్షరాలు ఇంగ్లీషువి. ఆ కంప్యూటర్లకి వేరే అక్షరాలు రావు.

క్యాబిన్‌లో కూర్చునేది రమణబాబు. రైల్వేలో గూడ్సు గార్డుగా రిటైరై నాలుగేళ్లయింది. తనూజ తండ్రి ఆదినారాయణ సిగ్నల్ మెయింటైనర్‌గా చేసినన్నాళ్లూ ఇద్దరివీ పక్కపక్క క్వార్టర్లు. తనూజకి ఈ పని ఇప్పించింది ఆయనే. ఆమె ఆయన్ని బాబాయ్ అంటుంది.

రైలు నడిపేవాళ్లకి ఒక పద్ధతుంది. సిగ్నల్ కనబడగానే దాని వైపు చెయ్యి చాపి, ఏ రంగుందో పైకి చెప్తారు. పక్కనున్నవాడు అదే మాట తిరిగి చెప్పాలి. చెప్పకపోతే చూడనట్టే లెక్క. రమణబాబు ఆ పద్ధతిని కంప్యూటర్ ముందుకి తెచ్చుకున్నాడు. అడుగు వరసలో ఏ మాట పడినా, ఇంజను కదలబోయే ముందూ, కుడిచెయ్యి చాపి ఆ మాట వాకీటాకీలో పైకి చెప్తాడు. ఇంజను డ్రైవర్ దిలీప్ తిరిగి చెప్పాలి. కంపెనీవాళ్లకి అది నచ్చింది, అలాగే కానిమ్మన్నారు.

ఈ రెండు కంప్యూటర్ల మధ్య మాటలు వైర్‌లెస్ పెట్టెల మీద వెళతాయి. లింకు మాటిమాటికీ పోతుంది, మామూలుగా అర నిమిషంలో వస్తుంది, ఒక్కోసారి నిమిషాలు పడుతుంది. మొదట్లో లింకు పోతే అడుగు వరసలో 'లింక్ గయా' అని, అంటే లింకు పోయిందని పడి, తిరిగి వచ్చేదాకా ఉండేది. షిఫ్టుకి నలభై సార్లు పోయేది. నలభై సార్లూ రమణబాబు చెప్పేవాడు, దిలీప్ తిరిగి చెప్పేవాడు. డిసెంబర్‌లో ఒకనాడు దిలీప్ వాకీటాకీలో, "లింక్ గయా, లింక్ ఆయా. దాదా, అబ్ మేరా దిమాగ్ గయా" అన్నాడు, ఇక నా బుర్రే పోయిందని. క్యాబిన్‌లో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆ సాయంత్రం రమణబాబు తనూజకి ఫోన్ చేశాడు.

"ఆ మాట అక్కడే కూకుండిపోతోందే అమ్మలూ. ఓపాలి కనిపించి ఎల్లిపొమ్మను."

తనూజ భోజనాల బల్ల దగ్గరే లాప్‌టాప్ తెరిచింది. పది నిమిషాల పని. లింకు పోతే ఆ మాట మూడు సెకన్లు కనిపించి పోతుంది, అంతకు ముందున్న మాట వచ్చి కూర్చుంటుంది. ఆదినారాయణ ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నాడు. మర్నాడు రమణబాబు ఫోన్ చేసి బంగారంలా ఉందన్నాడు. అప్పట్నుంచి ఆయన ఆ మాట పైకి చెప్పడం మానేశాడు. చెయ్యి చాపేలోగా అది పోయేది.

ఆ మంగళవారం తనూజ వచ్చింది క్యాబిన్‌లో రెండో తెర బిగించడానికి. గోడ మీద, వెంటిలేటర్ పక్కన, వైర్‌లెస్ పెట్టె ఉంది. దాని వెనక నుంచి వైరు లాగాలి. రమణబాబు స్టూలు వేసి, దాన్ని పట్టుకోనా అని అడిగాడు. అక్కర్లేదంది. ఆయన ఫ్లాస్కులో టీ గ్లాసులో పోసుకుంటూ, మీ నాన్న మోకాళ్లు ఎలా ఉన్నాయి, సదర్ బజార్‌లో ఆయుర్వేదం షాపువాడిచ్చిన నూనె రాస్తున్నాడా అని అడిగాడు. రాస్తున్నాడనీ, ఇల్లంతా ఆ వాసనేననీ ఆమె చెప్పింది. స్టూలు మీద నిలబడి, వీపు తెర వైపు పెట్టి, అరగంట పని చేసింది.

పది నలభై ఒకటికి, పెట్టెలు జరిపే వేళైందని, రమణబాబు గ్లాసు కింద పెట్టాడు. తెర వైపు చెయ్యి చాపాడు. వాకీటాకీలో, "లైన్ ఖాలీ" అన్నాడు.

"లైన్ ఖాలీ" అని దిలీప్ తిరిగి చెప్పాడు. ఇంజను కూత వేసింది.

తనూజ కళ్ల ముందు, జానెడు దూరంలో, వైర్‌లెస్ పెట్టె ఉంది. దాని మీద ఎర్రదీపం వెలగడం లేదు. లింకు ఉంటే ఆ దీపం వెలుగుతుంది. ఆమె తల తిప్పి తెర చూసింది. అడుగున 'లైన్ ఖాలీ' అనే ఉంది. ఈ మాట ఎప్పటిదో ఆమెకి తెలియలేదు. వెంటిలేటర్ లోంచి బయటికి చూసింది. కిటికీ దగ్గర కూర్చుంటే పెట్టెలే అడ్డం. స్టూలు ఎక్కితే వెంటిలేటర్ లోంచి వాటి పక్కగా గేటుదాకా కనిపిస్తుంది. కడ్డీకి సంచులు వేలాడుతున్నాయి.

మొదటి పెట్టె కొక్కెం బిగుసుకున్న చప్పుడు వినిపించింది. తరవాత రెండోది. తరవాత మూడోది.

"బాబాయ్, కడ్డీకి సంచులున్నాయి" అంది తనూజ.

ఆమె అరవలేదు. రమణబాబు ఆమె మొహం చూశాడు. ఏ సంచులని అడగలేదు. నలభై ఏళ్లు గార్డుగా చేసినవాడు వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని, "రుకో, రుకో, రుకో" అని మూడుసార్లు అన్నాడు. దిలీప్ ఈసారి తిరిగి చెప్పలేదు. బ్రేకు వేశాడు.

పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ ఆగాయి. తరవాత కొలిస్తే ఇంజను కదిలింది నాలుగు మీటర్ల ముప్ఫై సెంటీమీటర్లు.

స్టూలు దిగడం తనూజకి గుర్తులేదు. పట్టాల పక్క కంకర మీద పరిగెడుతున్నట్టు మాత్రం తెలిసింది. వెనక రమణబాబు వస్తున్నాడు. పెట్టెల కింద నుంచి మనుషులు పాక్కుంటూ బయటికి వస్తున్నారు. మొదట ఇద్దరు మగవాళ్లు. తరవాత ఒక ఆడమనిషి, ఆమె వెనక ఇంకొకామె. ఒక మగమనిషి తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. పదకొండో పెట్టె కింద నుంచి కనకం వచ్చింది. గ్యాంగు పెద్ద ఆమే. ఆమె తండ్రి పలాస నుంచి రైల్వే కూలీగా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆమె వచ్చీ రావడంతోనే లెక్కపెట్టింది. ఇంకొకామె వచ్చింది. ఆరు. కనకం మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టింది. ఆరే.

"అసిరమ్మేదీ?" అంది.



కనకం వంగి, ఒక్కో పెట్టె కిందికీ చూసుకుంటూ పోయింది. తనూజ ఆమె వెనకే నడిచింది. కనకం పద్నాలుగో పెట్టె దగ్గర మోకాళ్ల మీద కూలబడింది. అసిరమ్మ రెండు పట్టాల మధ్య స్లీపర్ల మీద వెల్లకిలా పడుకుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. చేతులు ఒంటికి ఆనించి పెట్టుకుంది. ఆమె పార పట్టా మీద ఉండిపోయింది. చక్రం దాని మీదుగా పోయి కర్రని రెండు ముక్కలు చేసి ఆగింది. చక్రానికీ ఆమె మోచేతికీ మధ్య బెత్తెడు దూరం.

బయటికి రమ్మని కనకం పిలిచింది. అసిరమ్మ రాలేదు. దెబ్బ తగిలిందా అని అడిగితే లేదని తల ఊపింది. మరి రావేమని అడిగింది.

"మళ్లీ కదుల్తాదేమో" అంది అసిరమ్మ.

కదలదని కనకం చెప్పింది. రమణబాబు చెప్పాడు. దిలీప్ ఇంజను ఆపేసి, తాళం తెచ్చి, పెట్టె కిందికి వంగి ఆమెకి చూపించాడు. ఆ తాళం తన చేతిలో పెట్టించుకున్నాకే అసిరమ్మ బయటికి వచ్చింది. గేటు దగ్గర కూర్చుంది. నీళ్లిస్తే గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు.

తనూజ క్యాబిన్‌కి తిరిగి వెళ్లి తెర ముందు నిలబడింది. అడుగున ఇంకా 'లైన్ ఖాలీ' అనే ఉంది. పక్కన రమణబాబు కూర్చుని ఉన్నాడు. పది యాభైకి కంప్యూటర్ ఒకసారి కూసింది. అడుగు వరస మారింది. 'ఆద్మీ అందర్ 7' అని పడింది.

రమణబాబు అలవాటుగా చెయ్యి ఎత్తాడు. సగంలో దించేశాడు.

"నేను చూసే చెప్పేనమ్మా" అన్నాడు. "అక్కడేటుంటే అదే చెప్పేను."

ఆయన చెప్పింది నిజమే. తనూజ కంప్యూటర్ రాసుకున్న చిట్టా తెరిచి చూసింది. పది ముప్ఫై ఒకటికి లింకు పోయింది. మూడు సెకన్లు ఆ మాట కనిపించింది. అప్పుడు ఆయన టీ పోసుకుంటున్నాడు, ఆమె నూనె వాసన గురించి చెబుతోంది. పది ముప్ఫై మూడుకి గేటు దగ్గర కనకం ఏడు కొట్టింది. ఆ ఏడు పదిహేడు నిమిషాలు గేటు కంప్యూటర్లోనే ఉండిపోయింది. ఎక్కడా తప్పు పడలేదు. తను రాసింది రాసినట్టుగా జరిగింది.

షిఫ్ట్ మేనేజర్ రాకేష్ వచ్చాడు. తఖత్‌పూర్ వాడు, ముప్ఫై ఏళ్లుంటాయి. ఎవరికీ ఏమీ కాలేదు కదా అని రెండుసార్లు అడిగాడు. బగ్ ఉందా అని తనూజని అడిగాడు. లేదంది. మరి ఇలా ఎలా జరిగిందన్నాడు. తను రాసిన పద్ధతే అలా ఉందని, లింకు పోయిందన్న మాటని మూడు సెకన్లలో తనే మాయం చేసిందని చెప్పింది. రెండు గంటలకి ఇంకో రేకు, అదే బొగ్గు బండి, వస్తుంది, ఆలోగా సరిచెయ్యగలవా అన్నాడు.

తనూజ బయటికి వచ్చి తండ్రికి ఫోన్ చేసింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆదినారాయణ అంతా విన్నాడు. ఎవరి పేర్లూ అడగలేదు.

"లింకు తెగిపోతే నీ తెర మీద ఏటి కనిపిస్తాది?" అన్నాడు.

"అంతకు ముందున్నదే నాన్నా."

ఆయన మెల్లిగా చెప్పాడు. "మా రెక్క సిగ్నల్‌కి వైరు తెగితే రెక్క దానంతటదే డేంజర్‌కి వచ్చీస్తాది. అందుకే ఎనకాల బరువు కడతాం. ముప్పై ఆరేళ్లు నేను కట్టింది ఆ బరువే. నువ్వు నా ఎదరే కూకుని ఆ పని చేసేవు. నేనొక్క మాట అడగలేదు."

తనూజ ఫోన్ పెట్టేసి లోపలికి నడిచింది.

ఆమె క్యాబిన్‌లో కూర్చుని ప్రోగ్రాం మార్చింది. ఐదు సెకన్లపాటు గేటు నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే అడుగు వరస చెరిగిపోతుంది. దాని బదులు 'పతా నహీ, రుకో' అని పడుతుంది. తెలియదు, ఆగు అని. లింకు తిరిగొచ్చి గేటు జవాబు చెప్పేదాకా అది పోదు. మాట పక్కన అది ఏ క్షణాన వచ్చిందో టైము ఉంటుంది. గేటు దగ్గర 'దర్జ్' తీసేసింది. అంకె క్యాబిన్‌కి చేరి, రమణబాబు చూసి తన చేత్తో మీట నొక్కితేనే అక్కడ 'సున్ లియా' అని పడుతుంది. విన్నాం అని.

షిఫ్టుకి మళ్లీ నలభై సార్లు చెప్పాల్సి వస్తుందని రమణబాబుకి చెప్పింది. చెప్తానన్నాడాయన. వాకీటాకీలో దిలీప్‌కి కూడా చెప్పాడు. దిలీప్ పరాచికమాడలేదు. మాట మొత్తం తిరిగి చెప్పాడు.

రెండు గంటల పది నిమిషాలకి రేకు వచ్చి నిలబడింది. బొగ్గు దింపారు. గ్యాంగు గేటు దగ్గరే కూర్చుని ఉంది. లేవలేదు. రాకేష్ వెళ్లి సరిచేశారని చెప్పాడు. పొద్దున్న కూడా సరిగ్గానే ఉందన్నారు కదా అంది కనకం. ఆ అమ్మాయిని పిలవమంది.

తనూజ వెళ్లింది. కనకం ఆమెని కూర్చోమనలేదు.

"నాకు సదువు రాదు" అంది కనకం. "అంకె కొడితే అడుగున అచ్చరాలొస్తాయని సెప్పేరు. అచ్చరాలొచ్చేకే ఎల్లమన్నారు. పొద్దున్నా వచ్చినాయి. అవొచ్చేకే నా వోళ్లని లోపలికి తీసుకెళ్లేను. ఏటన్నాయవి?"



"రాసుకున్నాం అన్నాయి అక్కా. అటువాళ్లకి చెప్పాం అని కాదు."

గ్యాంగులో ఒకతను అచ్ఛా అని, తల పక్కకి తిప్పుకున్నాడు. అసిరమ్మ నేల వైపు చూస్తోంది.

"అంటే ఎనిమిది నెలలూ అంతేనా?"

"అంతే. మూడు నెలల నుంచీ ఇంకా అన్యాయం. లింకు పోయినట్టు అటువాళ్లకి తెలియకుండా నేనే చేశాను."

కనకం లేచి నిలబడింది. కొడుతుందేమో అనుకుంది తనూజ. కొట్టినా సరేననుకుంది. కనకం తన తలకి కట్టుకున్న గుడ్డ విప్పి, దులిపి, ఆమె చేతికిచ్చింది.

"కట్టుకో. అసిరమ్మ ఇవాళ రాదు. ఆవిడ బదులు నువ్వు రా."

బయటివాళ్లని కిందికి పంపకూడదని, రూల్ ఒప్పుకోదని రాకేష్ అన్నాడు. కనకం అతని వైపు తిరగలేదు. అయితే మేమూ బయటే కూకుంటాం అంది. రాకేష్ తనూజని చూశాడు. ఆమె గుడ్డ తలకి చుట్టుకుంటోంది. అతను పక్కకి జరిగాడు.

కనకం ఒక వేలితో ఏడు కొట్టి మీట నొక్కింది. అందరూ తెర చుట్టూ నిలబడ్డారు. అడుగు వరసలో ఏమీ పడలేదు. ఒక నిమిషం గడిచింది. పొద్దున్నయితే ఈపాటికి ఎప్పుడో లోపల ఉండేవాళ్లం అని ఎవరో అన్నారు. లింకు పోయిందని తనూజ చెప్పింది. ఎండలో నిలబడ్డారు. నాలుగు నిమిషాలు పట్టింది. తరవాత అక్షరాలు వచ్చాయి.

"ఇప్పుడేటన్నాది?" అంది కనకం.

"విన్నాం అంది. బాబాయి చేత్తో నొక్కాడు."

కనకం మొదటి పెట్టె దగ్గర వంగి కిందికి దూరింది. తనూజ ఆమె వెనకే వెళ్లింది. తల పైన అడుగు తలుపుల లోంచి బొగ్గు పొడి రాలి మెడ మీద పడింది. స్లీపర్లు మోకాళ్లకి గుచ్చుకున్నాయి. రెండు పక్కలా చక్రాలు. అక్కడ తెర లేదు. క్యాబిన్ కనబడదు. దూరంగా దిలీప్ ఇంజను ఆడుతున్న శబ్దం పట్టాల్లోంచి అరిచేతికి తెలుస్తోంది. అది పెరుగుతోందో లేదో ఆమెకి అంతుపట్టలేదు. చెయ్యి తియ్యకుండా అలాగే వింటూ ఉండిపోయింది.

"రోజూ అలాగే ఉంటాది" అని కనకం ముందు నుంచి, వెనక్కి తిరిగి ఆమె అరిచెయ్యి చూసి అంది. "పార తీసుకో."